మేజువాణీ నుంచి పీటా చట్టం దాకా: కృష్ణా డెల్టాలో వేశ్యావృత్తి, సంస్కరణ, శిక్ష

కృష్ణా డెల్టాలో వేశ్యావృత్తి చరిత్రను ఆ ప్రాంతపు భూమి నుంచీ, గుడి నుంచీ, నాట్యం నుంచీ విడదీసి చదవడం కుదరదు. విజయవాడ నుంచి మచిలీపట్నం పోయే బాటను గుడివాడ నుంచి చల్లపల్లి పోయే బాట దాటే కూడలి పామర్రు. దాని చుట్టూ కొద్ది మైళ్ళలోనే క్షేత్రయ్య పదాలకు పుట్టినిల్లయిన మొవ్వ, భాగవతుల గ్రామం కూచిపూడి, శతాబ్దాల పాటు విదేశీ వర్తకం సాగిన బందరు రేవు, ఆ పక్కనే దివిసీమ ఉన్నాయి. నాట్యకత్తెకు మాన్యం ఇచ్చినవారూ, ఆమె మేళం చూసి ఆనందించినవారూ, ఆమెను పతిత అని నిందించినవారూ, ఆమె కోసం చట్టం చేయించినవారూ ఈ నేల మీదే కనిపిస్తారు. రాజు, జమీందారు, సంస్కర్త, శాసనసభ్యుడు ఒకరి తరువాత ఒకరుగా ఆమె బతుకును దిద్దబూనారు. ప్రతి దిద్దుబాటులోనూ భారం స్త్రీ మీద పడింది, డబ్బిచ్చిన పురుషుడు మాత్రం ఎప్పటికప్పుడు తప్పుకున్నాడు. ఈ వృత్తికి నేడు ఏ చట్టబద్ధ స్థానం ఇవ్వాలన్న వాదంలోకి దిగేవారు ముందుగా ఈ క్రమాన్ని తెలుసుకోవాలి.

మధ్యయుగ శాసనాల్లో గుడికి చెందిన స్త్రీలను సానులు అన్నారు. పెద్ద ఆలయాల్లో వారికి సానిమున్నూరు అనే సమష్టి సంఘం ఉండేది. దీపారాధన వేళ పాడడం, ఉత్సవాల్లో ఆడడం, వింజామర వీయడం వంటి సేవలకు ప్రతిఫలంగా వారికి భూమి, ఇల్లు, ప్రసాదంలో భాగం దక్కేవి. సానులే స్వయంగా దేవుడికి దానాలు చేసిన శాసనాలూ ఉన్నాయి కనుక, వారి చేతిలో సొంత ఆస్తి ఉండేదన్న విషయంలో సందేహం లేదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళపతి, అయిన జాయప దివిసీమను ఏలిన అయ్య వంశీయుడు. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న చేబ్రోలులో దేవాలయం కట్టించి, అక్కడి నర్తకీమణులకు రెండంతస్తుల ఇళ్ళ వరుసలు నిర్మించినట్టు 1213 నాటి శాసనం చెబుతుంది. నృత్తరత్నావళి రాసిన పండితుడు కూడా అతడే కాబట్టి, ఆ ఇళ్ళ వెనుక భక్తితో పాటు నాట్యం పట్ల నిజమైన గౌరవమూ ఉందనుకోవచ్చు. ఆనాటి గుడిసానిని నేటి అర్థంలో వేశ్య అనడం చారిత్రకంగా పొరపాటు. అయితే ఆమెకు ఏ కట్టుబాట్లూ లేవనీ, ఆమె దేవతలాగా బతికిందనీ చెప్పడం కూడా అంతే పొరపాటు.

పదిహేడో శతాబ్దానికి వచ్చేసరికి చిత్రం మారింది. బందరులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరానికి అధిపతిగా 1618 నుంచి 1622 దాకా ఉన్న విలియం మెత్‌వోల్డ్, గోల్కొండ రాజ్యాన్ని వర్ణించిన తన రచనలో నాట్యకత్తెలను గురించీ వేశ్యలను గురించీ రాశాడు. ఆ తరువాత వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే మరింత వివరంగా చెప్పాడు. గోల్కొండ రాజధానిలో 20,000 మందికి పైగా వేశ్యల పేర్లు దరోగా, అంటే నగర పర్యవేక్షణాధికారి, దగ్గరి పట్టికలో నమోదై ఉన్నాయని అతడు రాశాడు. ఆ సంఖ్యలో అతిశయోక్తి ఉండవచ్చుగాని, పట్టిక ఉందన్న విషయం ముఖ్యం. వారి నుంచి రాజు పన్ను తీసుకోలేదు. శుక్రవారాల్లో వారిలో కొందరు రాజు ఎదుట ఆడాలి. వారి ఇళ్ళ దగ్గర కల్లు విపరీతంగా అమ్ముడుపోతుందనీ, కల్లు మీద వచ్చే ఆదాయం కోసమే ప్రభుత్వం వారిని ఉండనిస్తోందనీ అతడు స్పష్టంగానే గ్రహించాడు. రాజు బందరు చూడబోయినప్పుడు తొమ్మిది మంది నాట్యకత్తెలు తమ దేహాలతోనే ఏనుగు ఆకారం కట్టారనీ, నలుగురు కాళ్ళుగా, నలుగురు మేనుగా, ఒకామె తొండంగా నిలిస్తే రాజు వారి మీద సింహాసనం వేయించుకొని పట్టణ ప్రవేశం చేశాడనీ అతని రచనలో ఉంది. చదివినవారు దీన్ని ఆ స్త్రీల చాకచక్యానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. తొమ్మిది మంది స్త్రీల వీపుల మీద ఊరేగిన అధికారాన్ని గురించి అది చెబుతున్న సంగతి అంతకంటె పెద్దది. ఖజానాకు లాభం ఉన్నంతవరకు రాజ్యం ఈ వృత్తిని పట్టికలో రాసుకొని కాపాడుతుందన్న సూత్రానికి ఈ ప్రాంతంలో దొరికే తొలి స్పష్టమైన సాక్ష్యం టావెర్నియేదే.

అదే శతాబ్దంలో మొవ్వ గోపాలుని ముద్రతో వెలువడిన క్షేత్రయ్య పదాలు సాని ఇంటి భాషలో, సాని మనసుతో నడిచాయి. వాటిని తరతరాలుగా కంఠస్థం చేసి, అభినయంతో నిలబెట్టినవారు భోగం స్త్రీలు. తమను తాము కళావంతులుగా పిలుచుకున్న ఈ కుటుంబాల్లో ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది. కూతురు లేకపోతే ఆడపిల్లను దత్తు తీసుకొనేవారు. ఇతర కులాల స్త్రీలకు అక్షరం నిషిద్ధమైన కాలంలో వీరు సంస్కృతం, తెలుగు, సంగీతం చదువుకున్నారు. జమీందారుల ఇళ్ళలో పెళ్ళికి, ఒడుగుకు, ఊరేగింపుకు భోగం మేళం లేకపోతే లోటుగా భావించేవారు. ఆహ్వానితుల ఎదుట కూర్చునో నిలబడో పదాలు, జావళీలు అభినయించే కచేరీని మేజువాణీ అనేవారు.

ఈ వైభవాన్ని తలచుకొని నిట్టూర్చే రచనలు తెలుగులో చాలా వచ్చాయి. అవి సాధారణంగా దాటవేసే ఆచారం ఒకటుంది. బాలికకు చిన్నతనంలోనే గజ్జె కట్టి, దేవుడికో, కత్తికో పెళ్ళి చేసి, ఈడు రాగానే కన్నెరికం జరిపేవారు. కన్నెరికం అంటే ఆమె కన్యాత్వాన్ని స్థోమత గల పురుషుడికి ధర కట్టి అప్పగించే తంతు. ఎవరికి, ఎంతకు అన్నది తల్లి, అమ్మమ్మ నిర్ణయించేవారు. ఆ నిర్ణయంలో బాలిక మాటకు చోటు లేదు. తరువాత ఆమె ఒకే పోషకుడి దగ్గర జీవితాంతం గౌరవంగా ఉన్నా, పాండిత్యంతో పేరు తెచ్చుకున్నా, ఆ మొదటి బలవంతం బలవంతమే. యౌవనం పోయాక పోషకుడు మొగం చాటేస్తే ఆమెకు దావా వేసే హక్కు లేదు. ఆమె బిడ్డలకు తండ్రి ఇంట వాటా లేదు. కొడుకులు మేళంలో వాయిద్యగాళ్ళుగా, కూతుళ్ళు మళ్ళీ అదే గజ్జెలతో మిగిలేవారు. భూమి ఉన్న కుటుంబాలు కొన్నే. భూమి లేక, చదువు లేక, సంతల్లోనూ రేవుల్లోనూ పూటకూళ్ళ ఇళ్ళ దగ్గరా దేహాన్ని అమ్ముకొని బతికిన స్త్రీల పేర్లు ఏ శాసనంలోనూ, ఏ పదంలోనూ లేవు. సానివాడ చరిత్రను పండితులు రాస్తూ వచ్చారు, వీరి చరిత్రను ఎవరూ రాయలేదు.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద వరి పండి డెల్టాలో రొక్కం పెరిగింది. అంతకుముందు జమీందారుకే చెల్లిన మేజువాణీ సరదా ఆసామికి, వకీలుకు, గుమాస్తాకు కూడా అందుబాటులోకి వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరిచాక బెజవాడ దక్షిణాదిలో పెద్ద రైల్వే కూడలిగా ఎదిగింది. కూడలి పట్టణంలో కుటుంబాలను వదిలి వచ్చిన మగవారు, ఆధారం తెగిన ఆడవారు కలిసినప్పుడు ఏర్పడే బజారు వేరు. అందులో పదం లేదు, అభినయం లేదు. బేరం కుదిర్చే తార్పుడుగాడు మాత్రం ఉన్నాడు.

బ్రిటిషు చట్టం ఈ రెండు లోకాలను ఒకే గాటన కట్టింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 372, 373 సెక్షన్లు పదహారేళ్ళ లోపు బాలికను వేశ్యావృత్తికి అమ్మడాన్నీ కొనడాన్నీ నేరంగా నిర్ణయించాయి. 1924లో ఆ వయసును పద్దెనిమిదికి పెంచారు. ఇది మంచి చట్టమే. కానీ 1868లో వచ్చిన అంటువ్యాధుల చట్టం ఉద్దేశం వేరు. సైనికులకు సుఖవ్యాధులు సోకకుండా చూడడానికి వేశ్యల పేర్లు నమోదు చేసి, బలవంతంగా వైద్య పరీక్షలు జరిపి, రోగం ఉన్నవారిని లాక్ ఆసుపత్రులు అనే చోట్ల నిర్బంధించేవారు. రోగం తెచ్చిన మగవాడికి మాత్రం పరీక్ష లేదు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ నడిపిన ఉద్యమం ఫలితంగా అక్కడ 1886లో, ఇక్కడ 1888లో ఆ చట్టాలు రద్దయ్యాయి. ఆ 1888లోనే మద్రాసు హైకోర్టు, నాట్యకత్తె ఆడపిల్లను దత్తు తీసుకోవడం కులాచారం ప్రకారం చెల్లుతుందని తీర్పిచ్చింది. సివిల్ న్యాయం గుర్తించిన దత్తత, బాలిక మైనరైతే క్రిమినల్ న్యాయం కింద నేరమయ్యే స్థితి ఏర్పడింది. ఈ గందరగోళం నుంచి లాభపడినవారు వకీళ్ళు. ఇరుక్కుపోయినది బాలిక.

సంస్కరణోద్యమం తెలుగునాట రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంతో మొదలై, బందరులో రఘుపతి వెంకటరత్నం నాయుడి చేతుల్లో ఒక వ్రతంగా మారింది. 1862లో బందరులోనే పుట్టిన వెంకటరత్నం నాయుడు అక్కడి నోబుల్ కళాశాలలో అధ్యాపకుడిగా ఉన్న సంవత్సరాల్లో సాంఘిక పవిత్రత అనే భావాన్ని విద్యార్థుల్లో నాటాడు. భోగం మేళం ఉన్న శుభకార్యానికి వెళ్ళబోమనీ, వెలయాలిని ఉంచుకోబోమనీ యువకుల చేత ప్రతిజ్ఞ చేయించడం ఈ ఉద్యమ పద్ధతి. ఉంపుడుగత్తె ఉండడం హోదాకు గుర్తుగా చెలామణి అయిన కాలంలో ఇది సామాన్యమైన ధైర్యం కాదు. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికీ, మద్రాసు గవర్నరుకూ విన్నపం పంపుతూ, నాచ్ కచేరీలు ఉన్న విందులకు హాజరు కావద్దని కోరారు. తాము చూసిన కచేరీల్లో అనుచితమైనదేదీ కనిపించలేదంటూ ఆ పెద్దలు విన్నపాన్ని తోసిపుచ్చారు.

ఈ సంస్కర్తల నిజాయితీని శంకించడానికి లేదు. వారి దృష్టికి మాత్రం ఒక హద్దుంది. వారు కాపాడదలచినది పురుషుడి శీలాన్ని, గృహిణి కాపురాన్ని. మేళం ఆగిపోయిన మరునాడు ఆ స్త్రీ ఏం తిని బతకాలన్న ప్రశ్న వారి ఉపన్యాసాల్లో చివరికి వచ్చేది, కొన్నిసార్లు అసలు వచ్చేది కాదు. కాళ్ళకూరి నారాయణరావు చింతామణి నాటకం దశాబ్దాల పాటు డెల్టా పల్లెల్లో తెల్లవార్లూ ఆడింది. వేశ్య వల్ల చెడిపోయే పురుషుల కథగానే జనం దాన్ని చూశారు. చెరచబడిన ఆడపిల్ల కథగా ఈ విషయాన్ని చూపిన నాటకం తెలుగులో ఏదీ అంత జనాదరణ పొందలేదు. గురజాడ కన్యాశుల్కం నాటకంలోని మధురవాణి ఒక్కతే అందుకు కొంత మినహాయింపు.

స్వాతంత్ర్యోద్యమంలో కళావంతుల స్త్రీలు తామే ముందుకు వచ్చారు. 1921 మార్చి 31న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మొదలైంది. అది ముగిశాక గాంధీ కాకినాడ వెళ్ళారు. అక్కడ పన్నెండేళ్ళయినా నిండని దుర్గాబాయి, దేవదాసీలూ ముస్లిం స్త్రీలూ ఆయనను చూసి తీరాలని పట్టుబట్టింది. 5,000 రూపాయల నిధి ఇస్తేనే కొద్ది నిమిషాలు దొరుకుతాయని నిర్వాహకులు అంటే, ఆ స్త్రీలే డబ్బు కూర్చారు. ఆయన మాటలు విన్నాక ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. దుర్గాబాయి తరువాత రాజ్యాంగ సభ సభ్యురాలై, ఆంధ్ర మహిళాసభ స్థాపకురాలై పేరు పొందింది. కాకినాడలోనూ, బెంగాలులోని బారిసాల్‌లోనూ ఈ స్త్రీలను కలిసిన గాంధీ ఆ సెప్టెంబరులో తన పత్రిక యంగ్ ఇండియాలో వారిని గురించి రాస్తూ నింద మగవారిదేనని నిష్కర్షగా చెప్పారు. బతుకుతెరువుగా మాత్రం ఆయన చూపింది రాట్నం. రాట్నం మీద వచ్చే కూలితో తల్లినీ పిల్లలనూ వాయిద్యగాళ్ళనూ పోషించే ఇల్లు నడుస్తుందా అన్న లెక్క ఎవరూ వేసి చూడలేదు. కళావంతుల కుటుంబం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం ఈ లెక్క ఎరిగిన మనిషి. ఆమె మద్రాసులో హిందూ యువతీ శరణాలయం నెలకొల్పి, వృత్తి విడిచి వచ్చిన యువతులకు నీడ, చదువు, పని నేర్పు కల్పించింది. ఉపన్యాసాలకంటె ముందు అన్నం, ఇల్లు కావాలని అనుభవంతో తెలిసిన ఒక స్త్రీ చేసిన పని కనుక తెలుగు సంస్కరణ చరిత్రలో దానికి ఇప్పుడున్న చోటు చాలదు.

చట్టసభలో ఈ పోరాటాన్ని నడిపినది డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలైన ఆమె 1927 నవంబరులో, బాలికలను దేవాలయాలకు అంకితం చేయడాన్ని ఆపాలని తీర్మానం తెచ్చింది. 1929లో హిందూ ధర్మాదాయ చట్టానికి వచ్చిన సవరణ, దేవదాసీ మాన్యాలను గుడి సేవ షరతు నుంచి విడిపించింది. అంటే సేవ మానుకున్నా భూమి ఆమెదే. మొత్తం సంస్కరణ చరిత్రలో ఆ స్త్రీల ఆస్తిని కాపాడుతూ చేసిన చట్టం ఇదొక్కటే. అయితే అది మాన్యం తన పేర ఉన్న స్త్రీకే ఉపయోగపడింది. మేజువాణీల మీద బతికిన వేలమందికి మాన్యమే లేదు. మద్రాసు దేవదాసీ సంఘం తరఫున ఈ ప్రయత్నాలను వ్యతిరేకించినవారిలో బెంగుళూరు నాగరత్నమ్మ ముఖ్యురాలు. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని 1910లో పరిష్కరించి ప్రచురించి, ప్రభుత్వ నిషేధానికి గురైన పండితురాలు ఆమె. తమను గంపగుత్తగా వేశ్యలని ముద్ర వేయవద్దనీ, తమకు చదువు ఇవ్వమనీ, ఆస్తి హక్కు తీయవద్దనీ ఆ సంఘం అడిగింది. బాలికల విషయంలో ముత్తులక్ష్మీ రెడ్డి పక్షమే న్యాయం. వయసు వచ్చిన స్త్రీల గౌరవం విషయంలో నాగరత్నమ్మ మాట వినవలసింది, వినలేదు.

1930లో మద్రాసు రాష్ట్రంలో అనైతిక వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. వేశ్యాగృహం నడపడాన్నీ, తార్చడాన్నీ అది శిక్షించింది. 1947లో వచ్చిన దేవదాసీ అంకిత నిషేధ చట్టం గుడికి పిల్లను అంకితం చేయడాన్ని చెల్లనిదిగా ప్రకటించి, దేవదాసికి చట్టబద్ధంగా పెళ్ళి చేసుకొనే హక్కును గుర్తించి, ఆలయాల్లోనూ ఊరేగింపుల్లోనూ వారి నాట్యాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్రలో చేసిన సవరణ ఆ నిషేధాన్ని పెళ్ళిళ్ళ వంటి వేడుకల్లోని మేళాలకు కూడా విస్తరించింది. అప్పటిదాకా గుడితో సంబంధం లేకుండా మేజువాణీతో బతికిన స్త్రీకి ఆ చివరి దారీ మూసుకుపోయింది. అంకితాన్ని నిషేధించడం తప్పనిసరి. పాటకూ అభినయానికీ కూడా నేరం అంటగట్టడం అన్యాయం.

ఈ అన్యాయం ఎంతటిదో పామర్రు పక్కనే తెలుస్తుంది. కూచిపూడి భాగవతుల్లో ఆడవేషం మగవారే కట్టేవారు. 1763 నాటి ఆస్తి పంపకపు పత్రంలో పేర్కొన్న కుటుంబాల వారసులు సత్యభామ జడను పందెంగా వేసి భామాకలాపం ఆడుతూ వచ్చారు. సిద్ధేంద్రయోగి సంప్రదాయంగా, బ్రాహ్మణ పురుషుల భక్తిగా ఆ కళకు గౌరవం నిలిచింది. ఇరవయ్యో శతాబ్దిలో అది రాష్ట్రానికి గర్వకారణమైన శాస్త్రీయ నృత్యంగా ఎదిగి, గృహస్థుల ఆడపిల్లలు నేర్చుకొనే విద్యగా మారింది. ఆ ఎదుగుదలను తక్కువ చేయవలసిన పని లేదు. అయితే ఆ కొద్ది మైళ్ళలోనే పుట్టిన మొవ్వ గోపాలుని పదాలను రెండు మూడు వందల ఏళ్ళు గొంతులో మోసిన స్త్రీలకు, ఆ పదం సభలో పాడితే పోలీసు కేసు అనే గతి పట్టింది. కొందరు గ్రామఫోను రికార్డుల్లోకి, నాటక సమాజాల్లోకి, సినిమాలోకి వెళ్ళారు. ఎక్కువమంది పిల్లలను చదివించి, కులం పేరు మార్చుకొని, గజ్జెలు దాచేసి మౌనంగా బతికారు. నటరాజ రామకృష్ణ వంటివారు వెతికి వెళ్ళి, సరిదె మాణిక్యమ్మ వంటి వృద్ధ కళాకారిణుల నుంచి ఆలయ నృత్యాన్ని సేకరించి ఆంధ్రనాట్యంగా నిలబెట్టేనాటికి, నేర్పగలిగినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు.

ఇక కళ అండ ఏనాడూ లేని బజారు సంగతి. వ్యక్తుల అక్రమ రవాణా, పరుల వేశ్యావృత్తి మీద దోపిడీలను నిషేధించే అంతర్జాతీయ ఒడంబడికపై 1950 మే 9న న్యూయార్కులో భారతదేశం సంతకం చేసింది. దానికి అనుగుణంగా 1956లో స్త్రీలు, బాలికల అనైతిక వ్యాపార నిరోధక చట్టం వచ్చి 1958 మేలో అమల్లోకి వచ్చింది. 1986 సవరణతో పేరు మారిన ఈ చట్టాన్నే తెలుగు పత్రికలు పీటా చట్టం అంటాయి. దీని ప్రకారం వయసు వచ్చిన స్త్రీ ఒంటరిగా, ఇంట్లో, ఎవరినీ బహిరంగంగా పిలవకుండా ఈ వృత్తి చేయడం నేరం కాదు. వేశ్యాగృహం నడపడం, ఆమె సంపాదనపై బతకడం, తార్చడం, నిర్బంధించడం నేరాలు. ఇక్కడితో ఆగి ఉంటే చట్టం న్యాయమైనదే. కానీ 7వ సెక్షన్ బడి, గుడి, ఆసుపత్రి వంటి చోట్లకు 200 మీటర్ల లోపు ఈ పని చేయడాన్ని నేరం చేసింది. 8వ సెక్షన్ పిలిచినందుకు, సైగ చేసినందుకు స్త్రీకి ఆరు నెలల దాకా జైలు శిక్ష పెట్టింది. ఆ పనే పురుషుడు చేస్తే గరిష్ఠ శిక్ష మూడు నెలలు. 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఒక స్త్రీని వేశ్యగా నిర్ణయించి ఊరి నుంచి వెళ్ళగొట్టవచ్చు. అది రాజ్యాంగ విరుద్ధమన్న వాదాన్ని సుప్రీంకోర్టు 1960ల్లో కౌశల్య కేసులో తిరస్కరించింది. రక్షించిన స్త్రీని ఏడాది నుంచి మూడేళ్ళ దాకా రక్షణ గృహంలో ఉంచే అధికారం 17వ సెక్షన్ ఇచ్చింది. తప్పు చేయలేదన్న మనిషికి మూడేళ్ళ నిర్బంధం ఎలా రక్షణ అవుతుందో చట్టం చెప్పలేదు.

కృష్ణా తీరం నుంచి ఈ విషయంలో మరో దారి చూపిన ప్రయత్నం ఒకటి సాగింది. ఉయ్యూరు దగ్గర ముదునూరులో 1940లో నాస్తికవాది గోరా నెలకొల్పి, 1947లో విజయవాడకు తరలించిన నాస్తిక కేంద్రం కులనిర్మూలనతో పాటు సమాజం వెలివేసిన మనుషుల మధ్య పనిని ఆశయంగా పెట్టుకుంది. గోరా కోడలు, కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం 1980ల్లో నిజామాబాదు పల్లెల్లో జోగినుల మధ్య పనిచేసింది. జోగిని వ్యవస్థ అంటే దళిత బాలికలను ఎల్లమ్మ వంటి గ్రామదేవతకు అంకితం చేసి ఊరి మోతుబరుల పాలు చేసే ఆచారం. ఇక్కడ మాన్యం లేదు, కచేరీ లేదు, చదువు లేదు, అంటరానితనంతో పాటు ఆకలి మాత్రం ఉంది. పామర్రు మండలంలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. హేమలత ప్రయత్నంలో చెప్పుకోవలసిన విశేషం, ఆమె జోగినిని శిక్షించమని అడగలేదు. భూమి, ఇల్లు, పిల్లలకు బడి, పెళ్ళి కోరిన వారికి పెళ్ళి అడిగింది.

డెల్టాలో నేటి బజారుకు లారీ, రైలు, సెల్‌ఫోను ఆధారాలు. దేశంలో పెద్ద లారీ మరమ్మతు కేంద్రాల్లో ఒకటైన ఆటోనగర్, కలకత్తా–మద్రాసు రహదారి, హైదరాబాదు రహదారి కలిసే విజయవాడ చుట్టూ ఈ వ్యాపారం పెరిగింది. 1990ల చివరి నుంచి హెచ్‌ఐవి తీవ్రంగా వ్యాపించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కావడంతో ఆరోగ్య కార్యకర్తలు ఈ స్త్రీల దగ్గరికి వచ్చారు. 2003లో మొదలైన హెచ్‌ఐవి నివారణ పథకం అవాహన్ వారిలోనే కొందరిని కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. అప్పుడు బయటపడిన బతుకుల్లో ఒకే క్రమం కనిపిస్తుంది. కరువో, కట్టుకున్నవాడు వదిలేయడమో, తాగుబోతు దెబ్బలో ఆమెను ఇంటి నుంచి తరిమి ఉంటాయి. పని ఇప్పిస్తానన్న తెలిసిన మనిషి తీసుకువెళ్ళి అప్పు చూపి అప్పగిస్తాడు. తిండి, గది, మందులు, పోలీసు మామూలు ఆ అప్పుకే చేరతాయి. విటుడు ఇచ్చినదాంట్లో సగం యజమానురాలికి పోతుంది, మిగిలిన సగం వడ్డీకి చాలదు. గర్భస్రావాలు, దెబ్బలు, సుఖవ్యాధులు, తాగుడు, పిల్లలకు తండ్రి పేరు అడిగే బడి, ఇవన్నీ ఆ అప్పు మీద పడే భారాలే. గోవాలోని బైనా తీరంలో 2004లో ప్రభుత్వం కూల్చిన గుడిసెల్లో తెలుగు, కన్నడ స్త్రీలు ఎందరో ఉండేవారు. హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ ఖాళీ చేయించిన తరువాతే 1996లో ప్రజ్వల సంస్థ పుట్టింది. వాడను కూల్చితే వృత్తి పోదు, దాన్ని చూసే కళ్ళు మాత్రం తగ్గుతాయి.

ఈ వృత్తి చట్టబద్ధ స్థానంపై ప్రపంచంలో పలు దారులు ఉన్నాయి. నెదర్లాండ్స్ 2000లో వేశ్యాగృహాలపై నిషేధం ఎత్తివేసింది, జర్మనీ 2002లో ఈ పనిని ఉపాధిగా గుర్తించింది, న్యూజీలాండ్ 2003లో దీన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. స్వీడన్ 1999లోనే కొనేవాడిని నేరస్థుడిగా, అమ్ముకొనే స్త్రీని నిర్దోషిగా నిర్ణయించింది. లైసెన్సు వాదులు ఆరోగ్యం, భద్రత చూపుతారు. అది కొత్త మాట కాదు. గోల్కొండ దరోగా పట్టికా, లాక్ ఆసుపత్రీ ఆ వాదానికి పాత రూపాలు. అప్పుతో కట్టిపడేసిన మనిషి సంతకాన్ని సమ్మతిగా నమోదు చేసే లైసెన్సు తార్పుడుగాడికి మేలు చేస్తుంది. మరోవైపు, మొత్తం నిషేధం కోరేవారు మేళాలను నిషేధించిన 1956 నాటి ఆంధ్ర సవరణ ఏం చేసిందో గమనించాలి. బతుకుతెరువు చూపకుండా నిషేధిస్తే స్త్రీ మాయమైపోదు, ఇంకా చీకటి చోటికి వెళుతుంది.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టు తాను నియమించిన సంఘం సిఫారసుల్లో కొన్నింటిని అమలు చేయమని ఆదేశించింది. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కరుకు ఇతర బాధితులతో సమానంగా వైద్య, న్యాయ సహాయం, రక్షణ గృహాల్లో ఇష్టానికి విరుద్ధంగా ఉంచిన వయోజన స్త్రీల కేసుల సమీక్ష, కండోములను నేరానికి సాక్ష్యంగా చూపరాదన్న నియమం, దాడుల వేళ వారి ఫోటోలు, పేర్లు బయటపెట్టరాదన్న హెచ్చరిక వాటిలో ఉన్నాయి. ఇష్టపూర్వకంగా ఈ పనిలో ఉన్న వయోజన స్త్రీ జోలికి పోలీసులు వెళ్ళరాదన్న సిఫారసుపై మాత్రం కేంద్ర ప్రభుత్వం సందేహాలు తెలిపింది. వృత్తి చట్టబద్ధమైపోయిందని కొన్ని పత్రికలు రాసింది సరికాదు. కొనేవాడి విషయానికి వస్తే, 2010 దశకంలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు కొన్ని కేసుల్లో, పీటా చట్టంలోని 3, 4, 5 సెక్షన్లు విటుడికి వర్తించవని తేల్చింది. చట్టం మాటలను బట్టి ఆ తీర్పు సరైనదే కావచ్చు. అక్రమ రవాణాకు గురైన మనిషి అని తెలిసీ ఆమెను వాడుకోవడం 2013 నుంచి శిక్షాస్మృతి కింద నేరం. ఆ నిబంధన నేడు భారతీయ న్యాయసంహిత 144వ సెక్షనులో ఉంది. దాడి జరిగిన మరునాడు పత్రికల్లో ముఖం కప్పుకొని కనిపించేది మాత్రం ఇప్పటికీ స్త్రీయే.

పీటా చట్టంలో స్త్రీని శిక్షించే 8వ సెక్షనునూ, ఆమెను ఊరి నుంచి వెళ్ళగొట్టే 20వ సెక్షనునూ తొలగించాలి. తార్పుడుగాడి మీదా, అప్పు వల వేసేవాడి మీదా, తెలిసీ కొనేవాడి మీదా చట్టాన్ని పూర్తి బలంతో నడపాలి. వృత్తి మానుకోదలచిన స్త్రీకి 1929 సవరణ మాన్యం విషయంలో చేసినట్టే ఏ షరతూ లేకుండా ఆమె పేర ఇల్లూ భూమీ ఇవ్వాలి. ఇవి చేయడానికి కొత్త సిద్ధాంతాలు అక్కరలేదు. డెల్టా ఓట్లతో గెలిచి అసెంబ్లీకీ పార్లమెంటుకూ వెళ్ళేవారు ఈ మూడు కోర్కెలను సభలో లేవనెత్తాలి. వారిని పంపే ఓటర్లు ఆ మాట వారిని అడగాలి.